ఉప్పుగాలిలో కనకాంబరం

గున్నమ్మ పెరట్లో మట్టి ఆ పెరటిది కాదు. అదంతా ఆవిడ నెత్తి మీద మోసి తెచ్చుకున్న మట్టి.

గుల్లలపేటలో మట్టి అన్నదే లేదు. సముద్రానికీ ఊరికీ మధ్య కొన్ని సరుగుడు చెట్లు, పడవలు లాగిపెట్టే ఇసుక దిబ్బ, అంతే. ఇంటి ముందు ఇసుక, ఇంటి వెనక ఇసుక, గాలి తిరిగితే కంచంలోనూ ఇసుకే. పూలు కావలసినవాళ్లు పెళ్లికో పండక్కో శ్రీకూర్మం వెళ్లి కొనుక్కునేవారు. పక్కూరి నుంచి కోడలిగా వచ్చిన గున్నమ్మ పెరట్లో పూల మొక్క వేస్తానంటే అత్త దాలమ్మ నవ్వింది.

"ఈ ఉప్పుగాలికి తలుపు బందులే తుప్పట్టి రాలిపోతన్నాయి. మొక్కేటి బతుకుతాదే?"

"బతికితే బతుకుతాది, నేకపోతే మళ్లీ ఏస్తాను," అంది గున్నమ్మ.

అప్పటికి ఆమె దగ్గర మొక్క కూడా లేదు. ఎక్కడ దొరుకుతుందో మాత్రం తెలుసు. రేవులో వేలం పాడుకున్న చేపల్ని గంపకెత్తుకుని ఆమె రోజూ పొద్దున్నే శ్రీకూర్మం వైపు అమ్మకానికి వెళ్లేది. అక్కడ గుళ్లో సన్నాయి వాయించేవారి ఇల్లు ఒకటి ఆమెకు ఖాయం బేరం. ఆ ఇంటి ఇల్లాలు బాలసరస్వతి నూతి పక్కన కనకాంబరాలు పెంచేది. మోకాలెత్తు దాటని గుబురు మొక్కలు, మెరిసే ఆకుపచ్చ ఆకులు, కంకుల నిండా నారింజ రంగు పూలు. కొట్లో కొన్న మల్లెపూలు సాయంత్రానికే వడిలిపోయేవి. ఈ పూలు మర్నాటికి కూడా కోసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉండేవి. గున్నమ్మ చేపలు తూచడం మానేసి వాటి వంక చూడడం బాలసరస్వతి చాలాసార్లు గమనించింది.

ఒకనాడు ఆవిడ ఎండిన కంకులు నాలుగు కోసి కాగితంలో చుట్టి ఇచ్చింది.

"ఇది మన నాటు కనకాంబరం గున్నమ్మా. నర్సరీలో అమ్మే రకానికి గింజ కట్టదు. దీనికి కడతాది. ఈ కంకి మీద నీళ్లు సిలకరించి సూడు, టప్పుమని పగిలి గింజలు ఎగిరిపోతాయి. అందుకే పొడిగా పట్టుకెళ్లు."

"ఇసకలో వస్తాదామ్మా?"

"ఒట్టి ఇసకలో రాదు. మట్టి కావాల. కాస్త నీడ కావాల. నీరు నిలవకూడదు."

గుల్లలపేటలో నీరు నిలవని మాట నిజమే. మిగిలిన రెండూ లేవు. నీడకు ఆమె వంటింటి గోడ వార ఎంచుకుంది. మట్టికి మాత్రం ఒక్కటే దారి. ఆ రోజు నుంచి ఆమె గంప తిరుగుదారిలో ఖాళీగా రాలేదు. ఒక రైతును అడిగి ఆయన పొలం గట్టు పక్క ఎర్రమట్టి నింపుకునేది. ఇంకోచోట పశువుల సాల వెనక ఎండిన పేడ ఏరుకునేది. వెళ్లేటప్పుడు చేపల బరువు, వచ్చేటప్పుడు మట్టి బరువు. రేవులో ఆడవాళ్లు నవ్వారు. "గున్నమ్మ ఊరు కట్టుకుంతంది కాబోలు," అన్నారు. మొగుడు గంగులు కూడా నవ్వాడు గానీ, గోడ వార ఇసుక తీసి గొయ్యి తవ్వమంటే తవ్వాడు.

మొదటి ఏడు మొలకలు జానెడు ఎదిగి, వైశాఖంలో తూర్పు గాలి మొదలవగానే ఆకుల అంచులు మాడి చచ్చిపోయాయి. నేను ముందే చెప్పానా లేదా అన్నట్టు చూసింది దాలమ్మ. గున్నమ్మ మళ్లీ కంకులు తెచ్చింది. ఈసారి ముందుగా సముద్రం వైపు తాటాకు దడి కట్టింది. గాలి గట్టిగా కొట్టిన రోజు సాయంత్రం బోరింగు నీళ్లతో ఆకులన్నీ కడిగేది. చేపలు కడిగిన నీళ్లలో ఉప్పు లేనివి చూసుకుని మొదళ్లలో పోసేది. పూత అయిపోయిన కంకుల్ని కత్తిరించేస్తే పక్కల నుంచి కొత్త కొమ్మలు వస్తాయని తనకు తానే తెలుసుకుంది. మూడో ఏడు శ్రావణంలో మొదటి కంకి విచ్చుకుంది. కింది వరస నుంచి పైకి, రోజుకు కొన్ని చొప్పున.

అవి వాసన లేని పూలు. దేవుడి పటానికి పెట్టకూడదని దాలమ్మ అంది. సరే, దేవుడికి వద్దంటే నాకే, అనుకుంది గున్నమ్మ. రోజూ జానెడు మాల కట్టుకుని తల్లో పెట్టుకుని చేపల గంప ఎత్తుకునేది. బస్సులో ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "చేపలమ్ముకునేదానికి పూల సోకొకటి," అని పక్కావిడతో అంది.

గున్నమ్మకు వినిపించింది. "సేపలు గంపలో ఉన్నాయమ్మా, పూలు తల్లో ఉన్నాయి. రెండూ నావే," అంది, అక్కడే నిలబడి. ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

అలా కొన్నేళ్లు గడిచాయి. కూతురు అనూరాధ పదో తరగతికొచ్చింది. కనకాంబరాలు వంటింటి గోడ పొడుగునా పాకి దడి వరకూ వచ్చాయి. గుల్లలపేట మగవాళ్లలో సగం మందిలాగే గంగులు వానాకాలంలో గుజరాత్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేసి, ఎండలు ముదిరాక తిరిగొచ్చేవాడు. రెండు వేల పదిహేడులో కూడా అలాగే వెళ్లాడు. కార్తీకం వెళ్లాక ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. సరిహద్దు దాటారని బోటుతో సహా అందరినీ పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు. ఆ బోటులో గంగులుతో పాటు అదే ఊరి జగ్గమ్మ మొగుడు, చుట్టుపక్కల పేటల వాళ్లు ఇంకొందరు ఉన్నారు.

ఊరు ఊరంతా గున్నమ్మ వాకిట్లోకి వచ్చి ఏడ్చింది. దాలమ్మ స్పృహ తప్పింది. గున్నమ్మ కూడా ఏడ్చింది. ఆ వారం గంప ముట్టలేదు, పొయ్యి వెలిగించింది కూడా అనూరాధే. వారం తరవాత ఆమె లేచి, మొక్కలకు నీళ్లు పోసి, విచ్చిన పూలు కోసి మాల కట్టుకుని రేవుకు వెళ్లింది. రేవులో మాటలు ఆగిపోయాయి.

"అదేటే, మొగుడక్కడ జైల్లో ఉంటే నువ్వు పూలెట్టుకొచ్చినావు," అంది జగ్గమ్మ. ఆమె తల్లో పూలు లేవు, కళ్లు వాచి ఉన్నాయి.

"జైల్లోనే కదా ఉన్నాడు," అంది గున్నమ్మ. "సచ్చిపోయినాడని ఎవులైనా సెప్పినారేటి?"

అలా జవాబిచ్చిందే గానీ, లోపల గున్నమ్మకూ ఏ ధైర్యమూ లేదు. ఆ దేశం ఎటువైపు ఉందో ఆమెకు తెలియదు. గంగులుకు అన్నం పెడుతున్నారో కొడుతున్నారో తెలియదు. కానీ పూలు తీసేయడమంటే ఊరందరి లోపలా ఉన్న మాటకు తానూ తలూపినట్టే అని ఆమెకు అనిపించింది. ఆ తలూపడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

కొన్నాళ్లకు టీవీ వాళ్లు వచ్చారు. పట్టుబడ్డవాళ్ల పెళ్లాలందరినీ ఊరి పెద్ద అసిరయ్య తన ఇంటి ముందు చాప వేసి కూర్చోబెట్టాడు. అసిరయ్య గంగులుకు చిన్నాన్న అవుతాడు. కెమెరాతో వచ్చినవాళ్లలో ఉమాశంకర్ అనే కుర్ర విలేకరి ఒకడు అందరి మొహాలూ చూసుకుంటూ వచ్చి గున్నమ్మ దగ్గర ఆగాడు.

"అమ్మా, ఆ పూలు కాస్త తీసి కూర్చుంటారా? చూసేవాళ్లకి మీ బాధ తెలియాలి కదా."

"బాద తల్లో కనిపిస్తాదేటి బాబూ?"

"అలా కాదమ్మా. బాగుండదని."

చాప మీద ఆడవాళ్లందరూ తల దించుకున్నారు. అసిరయ్య దూరం నుంచే చేత్తో సైగ చేశాడు, తీసెయ్యమని. గున్నమ్మ కొంగు సర్దుకుని కెమెరా వైపే తిరిగింది.

"నా మొగుడు బతికున్నాడు. బతికున్నోడి పెళ్లాం పూలు తీసీదేటి? ఇయ్యి నా పెరట్లోయి, నాను పెంచుకున్నాను. మావోళ్లని ఎప్పుడు తెస్తారో ఆ పెద్దోళ్లని అడగండి. నా పూల గురించి కాదు అడగాల్సింది."

ఆ మాటలు టీవీలో వచ్చాయో లేదో ఆమె చూడలేదు. ఆమె ఇంట్లో టీవీ చాన్నాళ్ల కిందటే ఉప్పుగాలికి పాడైపోయింది. వచ్చాయని మాత్రం మర్నాడు అసిరయ్య కబురు పంపడంతో తెలిసింది. ఆమె వెళ్లాక ఆయన చుట్ట వెలిగించుకుని నెమ్మదిగానే మొదలుపెట్టాడు.

"అమ్మా, సర్కారోళ్లకి జాలి పుట్టాల. జాలి పుడితేనే పని జరుగుతాది. నువ్వలగ సింగారించుకుని కూకుంటే ఈ ఆడదానికి మొగుడక్కర్నేదు అనుకుంటారు."

"జాలి పుట్టాలంటే నాను ముండమోసినట్టు కనబడాలా సిన్న మావా?"

"మాట తిన్నగా రానీ."

"నువ్వన్నదే నాను తిన్నగా అన్నాను."

అసిరయ్య చుట్ట నేలకేసి నలిపాడు. సోమవారం అందరినీ వ్యానులో కలెక్టరాఫీసుకు తీసుకెళ్తున్నానని, అందులో ఆమెకు చోటు లేదని చెప్పాడు. గున్నమ్మ సరేనంది. సోమవారం నాడు బస్సెక్కి, శ్రీకాకుళంలో దిగి, దారి అడుగుతూ నడిచి కలెక్టరాఫీసు గేటు దగ్గరకు వ్యాను కన్నా ముందే చేరింది. వ్యాను దిగిన అసిరయ్య ఆమెను చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. జగ్గమ్మ మాత్రం వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. మధ్యాహ్నం దాటాక ఒక ఆఫీసరు బయటకొచ్చి, పైకి రాశామనీ, జరగాల్సింది జరుగుతోందనీ, ఇళ్లకు వెళ్లమనీ చెప్పాడు. అందరూ లేచారు. గున్నమ్మ లేవలేదు.

"బతికున్నారా నేదా, ఆ ఒక్కమాట సెప్పండి. అది ఇని ఎల్లిపోతాను."

ఆఫీసరు లోపలికి వెళ్లాడు. ఎవరికో ఫోను చేసి మళ్లీ వచ్చాడు. పట్టుబడ్డవాళ్లంతా క్షేమంగానే ఉన్నట్టు ఢిల్లీకి సమాచారం వచ్చిందని చెప్పాడు. జగ్గమ్మ గున్నమ్మ భుజం మీద తల పెట్టి భోరుమంది. తిరుగు ప్రయాణంలో గున్నమ్మ కూడా వ్యానులోనే వచ్చింది. అసిరయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఊరితో మాట పట్టింపు అంతటితో తగ్గింది గానీ ఇంట్లో పెరిగింది. కొడుకు క్షేమంగా ఉన్నాడన్న మాట దాలమ్మ చెవికెక్కలేదు. ఆవిడ తిండి తగ్గిపోయింది. కోడలు పూలు కోస్తున్నప్పుడల్లా గోడకు ఆనుకుని అటే చూస్తూ ఉండేది. ఒకరోజు గున్నమ్మ అమ్మకం నుంచి వచ్చేసరికి దడి పక్కనున్న పెద్ద మొక్క వేళ్లతో సహా ఇసుక మీద పడి ఉంది. దాలమ్మ చేతులకు మట్టి.

"నా కొడుకు అక్కడ ఏటి తింతన్నాడో, ఎక్కడ తొంగుంతన్నాడో. నువ్వు పొద్దున్నే నెగిసి పూలు కోసుకుంతన్నావు," అంది దాలమ్మ. "నీకెలగ మనసొప్పుతందే?"

గున్నమ్మకు ఒళ్లు మండిపోయింది. నోటి వరకూ వచ్చిన మాటను మింగింది. గంప దించి, పలుగు తెచ్చి, మొక్క లేచిన చోటే గొయ్యి లోతు చేసింది. కొమ్మలు సగానికి కత్తిరించి, వేళ్లు చెదరకుండా నిలబెట్టి, మట్టి కప్పి, కాలితో అదిమి, నీళ్లు పోసింది. అంతా దాలమ్మ కళ్ల ముందే. అయ్యాక చేతులు కడుక్కుని అత్త ఎదురుగా కూర్చుంది.

"నీ కొడుకు బతికే ఉన్నాడని ఈ ఊళ్లో నానొక్కదాన్నే అంతన్నాను అత్తా. నువ్వు కన్నతల్లివి. నువ్వూ అనవేటి?"

దాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ సాయంత్రం కోడలు కలిపి పెట్టిన అన్నం తింది. ఆ మొక్క పదిహేను రోజులు వేలాడి, ఆ తర్వాత చిగురేసింది.

మరుసటి ఏడు అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. అందరూ ముందురోజే ఊరి బయట బడిలోకి వెళ్లిపోయారు. ఆ రాత్రి గాలికి బడి కిటికీలే ఊడిపోయాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయని తరవాత విన్నారు. అంత కాకపోయినా గుల్లలపేటలోకి కూడా సముద్రం వచ్చి వెళ్లింది. గున్నమ్మ వచ్చి చూస్తే ఇంటి కప్పు సగం లేదు, దడి లేదు. కనకాంబరాల మీద మోకాలెత్తు ఇసుక. తవ్వి చూసిన రెండు మూడు మొక్కలు నిప్పుల్లో కాల్చినట్టు నల్లగా ఉన్నాయి. ఏళ్ల తరబడి మోసి తెచ్చిన మట్టి ఉప్పునీళ్లు తాగి తెల్లబారింది.

పరామర్శకు వచ్చిన ముసలమ్మలు పెరటి వైపు చూసి గుసగుసలాడుకున్నారు. ఆ మొక్కల్ని పట్టుకుని వేలాడావు, దేవుడే తీసేశాడు, ఇది మంచి గుర్తు కాదు, అని ఒకామె పైకే అనేసింది.

"తుపానొస్తే అసిరయ్య మావ పడవ కూడా ఇరిగిపోనాది," అంది గున్నమ్మ. "అది ఏటికి గుర్తో ముందది సెప్పండి."

కానీ వాళ్లు వెళ్లాక ఆమె ఆ ఇసుక మీదే కూలబడింది. మొదటిసారి ఆమెకు భయం వేసింది. ఏడాదిగా ఆమె పళ్లబిగువున పట్టుకున్నదంతా ఆ రోజు చేతుల్లోంచి జారిపోయినట్టయింది. అనూరాధ వచ్చి పక్కన కూర్చుని, "అమ్మా, మట్టి నానూ మోస్తాను," అంది. గున్నమ్మ కూతురి మొహంలోకి చూసి లేచింది.

తుపాను సాయం బియ్యం కోసం ఊరంతా లైన్లో నిలబడిన రోజుల్లోనే ఆమె ఇసుక ఎత్తిపోయడం మొదలుపెట్టింది. ఉప్పు తేలిన పై మట్టి తీసి పారేసింది. మిగిలిన మట్టిని బోరింగు నీళ్లతో మళ్లీ మళ్లీ తడిపింది, ఉప్పు కిందికి దిగిపోయేలాగా. కొత్త మట్టి తల్లీ కూతుళ్లు ఇద్దరూ తెచ్చారు. శ్రీకూర్మంలో బాలసరస్వతి ఇల్లు నిలిచింది, నూతి పక్క మొక్కలూ నిలిచాయి. ఆవిడ ఇచ్చిన పూలే ఆ నెలలన్నీ గున్నమ్మ తల్లో పెట్టుకుంది.

కంకులు కూడా తెచ్చి చల్లింది. అవి మొలవక ముందే, మాడిపోయిన పాత మొక్కల మొదళ్ల దగ్గర చిన్న చిన్న జంట ఆకులు లేచాయి. ఎప్పుడో చిట్లి మట్టిలో కలిసిన గింజలు అవి. వాటిని ముందు చూసింది దాలమ్మే.

"ఒలే గున్నా, ఇలగ్గా రా. ఇది గడ్డి కాదు కదా? పీకనేదు నాను, అడుగుతన్నాను అంతే."

"గడ్డి కాదత్తా."

దాలమ్మ వంగి చూసి, ఆ మొలక చుట్టూ వేలితో పళ్లెం చేసి, చెంబుడు నీళ్లు పోసింది.

రెండు వేల పంతొమ్మిది ఎండాకాలంలో గంగులు వచ్చాడు. వాళ్లను వదిలారని అందరికీ ముందే కబురొచ్చింది. సరిహద్దు దాటి, రైలెక్కి, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. దండలు వేశారు, డప్పులు కొట్టారు, అసిరయ్య అందరికన్నా ముందు నిలబడి ఫోటోలు దిగాడు. గంగులు చిక్కి సగమయ్యాడు. గడ్డం నెరిసింది. తల్లిని పట్టుకుని ఏడ్చాడు, కూతురిని గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. పెళ్లాం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. గున్నమ్మ అతని చేతిలో సంచి తీసుకుంది.

ఇంటికి వచ్చాక అతను ఎక్కువ మాట్లాడేవాడు కాదు. తలుపు వేసి ఉన్న గదిలో పడుకోలేకపోయేవాడు. పగలంతా పెరట్లో, వంటింటి గోడ నీడలో కూర్చునేవాడు. జైలు గురించి ఎవరు అడిగినా, "ఉన్నాం, వచ్చినాం," అనేవాడు. టీవీ వాళ్ల ముందు గున్నమ్మ మాట్లాడిన సంగతి జగ్గమ్మ మొగుడు నవ్వుతూ చెబితే, గంగులు నవ్వలేదు. "పూలు తీయమన్నారా?" అని మాత్రం అడిగాడు. "అన్నారు," అంది గున్నమ్మ.

వానలు మొదలవగానే గుజరాత్ బోట్లకు మనుషుల్ని కుదిర్చే మేస్త్రీ నరసింగరావు వచ్చాడు. గంగులు చేయి తిరిగిన వలగాడు. అలాంటివాడిని ఎవరూ వదులుకోరు. ఈసారి సరిహద్దు ఛాయలకు పోనివ్వమని, బోట్లకు సరిహద్దు చూపించే కొత్త మిషన్లు పెట్టారని చెప్పాడు. గంగులు తల వంచుకుని ఇసుకలో గీతలు గీస్తున్నాడు. అతను ఒప్పుకోబోతున్నాడని గున్నమ్మకు అర్థమైంది. వద్దనడం అతనికి చేతకాదు.

"నా మొగుడు రాడు నరసింగరావు బాబూ," అంది ఆమె గుమ్మంలోంచి.

"ఆడోళ్లకేటి తెలుస్తాది. మొగోడు సెప్పనీ."

"ఆడక్కడున్నన్నాళ్లూ ఆడి తరపున నానే మాటాడినాను. టీవీ ముందు మాటాడినాను, ఆఫీసు ముందు మాటాడినాను. అప్పుడు నువ్వు ఈ వాకిలి తొక్కలేదు. ఇప్పుడూ నానే మాటాడతాను. రాడు."

నరసింగరావు గంగులు వైపు చూశాడు. గంగులు తలెత్తాడు.

"నా మాటా అదే," అన్నాడు.

మేస్త్రీ వెళ్లాక కాసేపటికి గంగులు, "ఇక్కడేటి తింటామే?" అన్నాడు.

"ఏటి పడితే అదే తింటాం," అంది గున్నమ్మ.

మర్నాడు తెల్లారకముందే అతను జగ్గమ్మ మొగుడి తెప్ప మీద వేటకు వెళ్లాడు. దూరం పోలేదు, ఒడ్డు కనిపించే మేరలోనే వల వేశారు. కవళ్ల చేపలు పడ్డాయి, అవీ కొంచెమే. గున్నమ్మ ఎప్పట్లాగే తల్లో మాలతో వాటిని శ్రీకూర్మం పట్టుకెళ్లింది. బేరమాడేవాళ్లు, ఈ బుల్లి చేపలకు ఇంత ధరేమిటని గంప చుట్టూ మూగారు. ఆమె ఒక్క రూపాయి తగ్గించలేదు.